లాల్‌బాగ్ చూడ్డమెట్లా? ఫ్లవర్ షోకు పోయి ఉసూరుమన్నవాళ్ల కోసం

బెంగళూరులో కాపురముండే హిందూపురం ఆడపడుచుకు రెండు ఉద్యోగాలుంటాయి. ఒకటి జీతమొచ్చేది. రెండోది, ఊరినుంచి చుట్టాలొచ్చినప్పుడల్లా లాల్‌బాగ్ చూపించేది. ఈ రెండోదాంట్లో నా సర్వీసు బాగానే ఉంది కాబట్టి, రేపు మీ ఇంటికీ ఎవరో ఒకరు "ఫ్లవర్ షోకొస్తున్నాం" అని ఫోన్ చేస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో రాస్తున్నా.

ముందు మావాళ్ల సంగతి వినండి. మీవాళ్ల సంగతీ ఇంచుమించు ఇట్లనే ఉంటుంది.

మా పెద్దక్క, బావ, వాళ్ల కోడలు, ఐదేళ్ల మనవడు కలిసి ఆగస్టు 15 చూసుకుని వచ్చినారు. సెలవు కదా అని. ఆరోజు బెంగళూరులో అందరికీ సెలవేనని ఫోన్లో చెప్పి చూసినా. "జనం లేకుంటే అది జాతరెట్లయితుందిమ్మా" అన్నాడు బావ. సరే, పదకొండు గంటల వేళకు గేటు చేరినాం. రాత్రి వాన పడి దారంతా చిత్తడి. టికెట్‌కు ఒక వరుస, సంచులు వెదకడానికి ఇంకో వరుస. అక్క తెల్లారుజామున లేచి కలిపిన పులిహోర డబ్బా ఆ రెండో వరుసలో దొరికిపోయింది. బయటి తిండి లోపలికి పనికిరాదన్నారు. పారేయడానికి మనసొప్పక, ఫుట్‌పాత్ అంచున కూర్చుని, ఆకలి లేకపోయినా అందరం తలా రెండు పిడికిళ్లు తినేసి డబ్బా ఖాళీ చేసినాం. ఆరోజు అందరికీ నచ్చింది అదొక్కటే.

లోపల ఫ్లవర్ షో పెట్టే అద్దాల మంటపం, గ్లాస్ హౌస్‌కు మళ్లీ వరుస. తాళ్లు కట్టిన దారిలో ఒకరి వెనక ఒకరు జరగడమే. మధ్యలో గులాబీలతో ఏదో పెద్ద కట్టడం నిలబెట్టినారు. మాకు కనబడింది ముందున్నవాళ్ల వీపులు, వీపులపైన లేచిన ఫోన్లు. కాసేపు నిలబడదామంటే "ముందుకు, ముందుకు" అని విజిల్. బావ మనవడిని భుజాలకెత్తుకున్నాడు. బయటికొచ్చినాక "ఏం చూసినావురా?" అని అక్క అడిగితే "ఫోన్లు" అన్నాడు వాడు.

కోడలి చెప్పు బురదలో తెగింది. తిరిగొచ్చేటప్పుడు ఆటో అబ్బాయి చెప్పిన రేటు విని అక్క నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ బావ తీర్పు చెప్పేసినాడు: "ఏముందిమ్మా ఆడ? చెట్లే గదా! చెట్లు మా ఊళ్లో ల్యావా? బృందావన్ గార్డెన్లో అయితే నీళ్లన్నా ఎగిరేవి."

ఆ మాటలో సగం నిజముంది. లాల్‌బాగ్‌లో ఉండేవి చెట్లే. అది తెలిసి పోతే ఒకలాగా ఉంటుంది, పూలతోట అనుకుని పోతే ఇంకోలాగా ఉంటుంది. మొదట సరిచేయాల్సింది ఇదే. చుట్టాలు బస్సెక్కకముందే, ఫోన్లోనే చెప్పేయండి: అది పార్కు కాదు, బొటానికల్ గార్డెన్. రంగుల లైట్లుండవు, సంగీతానికి ఎగిరే ఫౌంటెన్లుండవు. 240 ఎకరాల్లో దేశదేశాల చెట్లు తెచ్చి నాటి, పెంచి, పేర్లు రాసి పెట్టిన చోటు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టినాడు. కొడుకు టిప్పు పెంచినాడు. 1856లో సర్కారు బొటానికల్ గార్డెన్ అయింది. ఆ తర్వాత వచ్చిన అధికారులు విదేశాల మొక్కలు తెప్పించి ఇక్కడ బతుకుతాయా లేదా అని నాటి చూసేవాళ్లు. ఇక్కడ బతికినవి ఊళ్లకు పోయేవి. మనం పప్పులో, కూటులో వేసుకునే బెంగళూరు వంకాయ కూడా జాన్ కామెరాన్ అనే ఆయన హయాంలో ఈ తోట దారినే మన వంటింటికొచ్చింది. ఈ ముక్క చెప్తే మా అక్క మొదటిసారి లాల్‌బాగ్ గురించి కొంచెం మర్యాదగా మాట్లాడింది.

ఎప్పుడు పోవాలి

ఉదయం ఆరుకు. దీనికి బేరం లేదు. గేట్లు ఆరుకే తీస్తారు. ఆ వేళకు వచ్చేది వాకింగ్ చేసేవాళ్లు, నవ్వుల క్లబ్బు పెద్దమనుషులు, మెడలో బైనాక్యులర్ వేసుకున్న పక్షుల పిచ్చివాళ్లు. వీళ్లెవరూ మీ దారికడ్డం రారు. తొమ్మిదిన్నర పదికల్లా బయటపడిపోవాలి. ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్లు ఎట్లాగూ నాలుగున్నరకు లేచి మన వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తుంటారు కాబట్టి ఇది వాళ్లకు కష్టం కాదు. కష్టమంతా మనకే.

ఆదివారాలు, పండగ సెలవులు వద్దు. మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.

ఏ నెల అంటే, నన్నడిగితే నవంబర్ చివర్నుంచి మార్చి దాకా. బెంగళూరు చెట్లు వంతులేసుకున్నట్టు పూస్తాయి. చలికాలంలో గులాబీరంగు టబెబూయా, తర్వాత పసుపు టబెబూయా, మార్చి ఏప్రిల్ నాటికి ఊదారంగు జకరండా, ఎండలు ముదిరితే ఎర్రటి తురాయి. ఇది దానంతటదే జరిగింది కాదు. లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో పనిచేసి, బరోడా మీదుగా మైసూరు సంస్థానానికొచ్చిన క్రుంబీగల్ అనే జర్మన్ ఆయన 1908 నుంచి 1932 దాకా ఈ తోటను చూసుకున్నాడు. ఏడాది పొడుగునా ఊళ్లో ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండాలని వీధుల వెంబడి వరసగా నాటించిన పేరు ఆయనదే. మనమేమో ఆ చెట్టుకిందే కారు పెట్టి, పూలు రాలి అద్దం పాడయిందని తిట్టుకుంటాం.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పచ్చదనం బాగుంటుంది, నిజమే. కానీ బురద, జారుడు, మధ్యాహ్నం ఎప్పుడు కుమ్మరిస్తుందో తెలియని వాన. మోకాళ్ల నొప్పులవాళ్లను ఆ నెలల్లో తీసుకెళ్లకండి.

ఎట్లా చేరాలి, ఏ గేటు

గేట్లు నాలుగున్నాయి. ఏ గేటులో దిగుతామో ముందే అనుకోకపోతే సగం శక్తి అక్కడే పోతుంది. కారు ఉంటే పార్కింగ్ కోసం డబుల్ రోడ్డు వైపు పోతారు. నేను మాత్రం మెట్రోలోనే తీసుకెళ్తా. గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్ దిగితే వెస్ట్ గేటు పక్కనే. పెద్ద బస్టాండుండే మెజెస్టిక్ నుంచి నాలుగో స్టేషన్: చిక్‌పేట, మార్కెట్, నేషనల్ కాలేజీ, లాల్‌బాగ్. హిందూపురం, అనంతపురం రైళ్లలో యశవంతపురంలో దిగేవాళ్లకైతే ఇంకా సుఖం, అక్కడ మెట్రో ఎక్కితే మారకుండా ఇక్కడే దిగొచ్చు. ఆదివారం మాత్రం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది. ఆదివారం వద్దన్నది ఇందుకు కూడా.

చేతిలో మంచినీళ్ల సీసా, మెత్తటి బూట్లు, ఎండకు ఒక టోపీ. పట్టుచీర కట్టుకుని ఫోటోలకని బయల్దేరే అక్కాచెల్లెళ్లను ఆపడం నావల్ల కాలేదు. మీరు ప్రయత్నించండి.

నేను నడిపించే దారి

వెస్ట్ గేటులో లోపలికెళ్లి, అందరూ పోయే గ్లాస్ హౌస్ వైపు కాకుండా ముందు చెరువు దిక్కుకు తిరగండి. పొద్దున చెరువు కట్టమీద గాలి చల్లగా ఉంటుంది, పెద్దవాళ్లకు కాళ్లు సాగుతాయి. కొంగలు, నీటికాకులు కనబడతాయి. నీటికాకి రెక్కలు రెండూ చాపి ఆరబెట్టుకుంటూ రాయి మీద నిలబడితే పిల్లలు కాసేపు కదలరు.

చెరువు దిక్కునే ఉన్న తెల్లబూరుగును చూడకుండా మాత్రం రాకండి. దారి తెలియకపోతే అక్కడి తోటమాలినో సెక్యూరిటీ అతన్నో "దొడ్డ బూరుగద మర ఎల్లిదె?" (పెద్ద బూరుగు చెట్టు ఎక్కడుంది?) అని కన్నడంలో అడగండి, చెయ్యెత్తి చూపిస్తారు. రెండువందల ఏళ్లు దాటిన చెట్టని చెప్తారు. దూరంనుంచి చూసి "ఓహో పెద్దదే" అని ఫోటో తీసి వచ్చేస్తే ఏమీ చూడనట్టే. పోనిచ్చినంత దగ్గరికి పోయి మొదలు చూడండి. కాండం నేలలోకి నేరుగా దిగదు. చుట్టూ పలకల్లాంటి వేర్లు భూమిలోంచి లేచి, మడతలు మడతలుగా పోయి కాండానికి ఆనుకుంటాయి. రెండు వేర్ల మధ్య సందులో పెద్దమనిషి నిలబడినా పక్కనుంచి కనబడడు. బూరుగు వేర్లు లోతుకు కాకుండా పక్కలకు ఎక్కువగా పాకుతాయి, అంత ఎత్తు మాను గాలికి పడకుండా ఈ పలకలే ఆపుతాయి. ఆ వేరు అంచు వెంబడి కన్ను మెల్లగా పైకి తీసుకెళ్లండి, ఎక్కడ వేరు అయిపోయి ఎక్కడ మాను మొదలైందో తేల్చుకోలేరు. ఎండాకాలంలో కాయలు పగిలితే దూది గాలికి తేలుతూ వచ్చి జుట్టుకంటుకుంటుంది. మన అమ్మమ్మల కాలపు బూరుగుదూది దిండ్లు గుర్తున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆగస్టులో అంత మాటన్న మా బావ డిసెంబర్లో ఏదో పనిమీద ఒక్కడే వస్తే, పొద్దున్నే మాటల్లో పెట్టి ఇక్కడికే తీసుకొచ్చినా. ఆయన మల్బరీ పెంచే రైతు, ఏ పంటనైనా మొదలు దగ్గర చూసి మాట్లాడే మనిషి. చెట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగినాడు. తలెత్తి చూసినాడు. చాలాసేపటికి నోరు తెరిచి "దీని నీడలో సెంటు భూమి కూడా పండదుమ్మా" అన్నాడు. అదీ పొగడ్తే. ఆ తర్వాత ఆయనే ముందు నడిచినాడు, నేను వెనక.

అక్కణ్ణుంచి గ్లాస్ హౌస్ వైపు వచ్చే దారిలో నాగలింగం చెట్టు కనబడితే ఆగండి. పూలు కొమ్మల చివర కాదు, మాను మీదే, తాళ్లలాంటి కాడలకు పూస్తాయి. రాలిన పువ్వు ఒకటి చేతిలోకి తీసుకుని పిల్లలకు చూపించండి. రేకుల మధ్యలో పడగలా వంగిన భాగం, దాని కింద చిన్న గుండ్రటి దిమ్మె, దిమ్మె మీద సన్నటి కేసరాలు. శివాలయాల్లో ఈ పువ్వుకెందుకంత మర్యాదో చూడగానే తెలుస్తుంది. చెట్టు మాత్రం దక్షిణ అమెరికాది. పువ్వు వాసన మత్తుగా ఉంటుంది, కాయ పగిలితే ముక్కు మూసుకోవాల్సిందే. ఫిరంగి గుండంత కాయలు, ఎప్పుడు రాలతాయో చెప్పలేం. ఫోటోకని చెట్టుకింద నిలబడొద్దు.

జనం క్రిస్మస్ చెట్లని పిలిచే పొడుగాటి అరకేరియాల దగ్గర పిల్లలకు ఒక పని పెట్టండి. వీటిలో కుక్ పైన్ అనే జాతి ఉంది. అది ప్రపంచంలో ఎక్కడ నాటినా భూమధ్యరేఖ వైపు కొంచెం వాలి పెరుగుతుందని పరిశోధకులు గమనించినారు. మనకైతే దక్షిణం వైపు వాలాలి. ఫోన్లో దిక్సూచి తెరిచి ఏ చెట్టు మాట వింటోందో, ఏది వినడంలేదో చూడమనండి. పదినిమిషాలు గొడవ లేకుండా గడుస్తుంది.

గ్లాస్ హౌస్ షో లేని రోజుల్లో బోసిగా ఉంటుంది, లోపల పెద్దగా ఏమీ ఉండదు. అదే మేలు. గులాబీలు కప్పేయని ఇనుము కనబడుతుంది. 1889లో శంకుస్థాపన జరిగింది. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే అద్దాల భవనం చూసి వచ్చిన ఆలోచన, స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పోతపోసిన ఇనుము. 1935లో దీన్ని పెంచినప్పుడు మాత్రం ఉక్కు మన భద్రావతిది. స్తంభాల మీది పూల అచ్చులు దగ్గరగా చూడండి. ఆగస్టులో మేం ఈ స్తంభాల మధ్యనే గంటసేపు ఇరుక్కుని ఒక్క స్తంభమూ చూడలేదు.

చివరకు కొండ. దీన్ని చివర పెట్టడానికి కారణముంది: మెయిన్ గేటు వైపు బయటపడొచ్చు, టిఫిన్ దగ్గర. మామూలుగా జనం ఏం చేస్తారంటే, పైనున్న, బెంగళూరు ఏలిన కెంపేగౌడల కాలపు గోపురం దాకా రొప్పుకుంటూ ఎక్కి, దాని ముందు నిలబడి ఫోటో దిగి, దిగిపోతారు. గోపురం చిన్నదే. ఊరి ఎల్లల కోసం నాలుగు దిక్కుల్లో కట్టిన నాలుగింటిలో ఇదొకటి. ఊరు వాటిని దాటి ఎంతదూరం పోయిందో పైనుంచి చూస్తే తెలుస్తుంది. అసలు చూడాల్సింది మీ కాళ్లకింద ఉంది.

ఆ బండ వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. మైసూరు జియాలజీ శాఖలో పనిచేసిన స్మీత్ 1916లో ఈ రకం రాయికి పెనిన్సులర్ నైస్ అని పేరు పెట్టినాడు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఈ కొండను జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది, కింద బోర్డు కూడా ఉంటుంది. కూర్చుని, అరచెయ్యి పెట్టి చూడండి. తెల్లటి చార, నల్లటి చార, మళ్లీ తెల్లటి చార. కొన్నిచోట్ల చారలు తిన్నగా పోతూ పోతూ ఒక్కసారిగా మెలిక తిరిగి వెనక్కి మళ్లుతాయి. భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి రాయి మెత్తబడి వంగినప్పుడు ఏర్పడిన మెలికలవి. తెలుపులో మెరిసేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు. నలుపులో ఎక్కువగా నల్ల అభ్రకం.

మా బావకు ఈ వయసు నమ్మకం కలగలేదు. "ఇది మా చేనిగట్టు మీదుండే గుండే గదా. ఎవరు లెక్కబెట్టినారు దీని వయసు?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఇట్లాంటి రాళ్లలో జిర్కాన్ అనే అతిచిన్న గింజలుంటాయి. అవి ఏర్పడేటప్పుడు కొంచెం యురేనియం లోపల చిక్కుకుంటుంది, సీసం దాదాపు చేరదు. యురేనియం ఒక స్థిరమైన వేగంతో సీసంగా మారుతూ పోతుంది. ఇప్పుడు గింజలో ఎంత యురేనియం మిగిలింది, ఎంత సీసం తయారైంది అని కొలిస్తే వయసు లెక్క తేలుతుంది. విని, బావ బండమీద కాసేపు తడిమి, "అయితే మా గుండుకూ లెక్కబెట్టిస్తే పోలా" అన్నాడు. హిందూపురం చుట్టూ గుట్టలే కాబట్టి ఆయన కోరిక అన్యాయం కాదు.

రెండు జాగ్రత్తలు. వాన పడినరోజు బండ ఎక్కొద్దు, పాచి కనబడదు గానీ జారుతుంది. ఎండాకాలంలో పది తర్వాత ఎక్కొద్దు, బండ కాలి చెప్పుల్లోంచి వేడి తెలుస్తుంది. పొద్దున కుదరకపోతే సాయంత్రం ఐదున్నరకు ఎక్కి పొద్దు కుంకేదాకా కూర్చోవచ్చు. గేట్లు ఏడుకు మూస్తారని గుర్తుంచుకోండి.

ఈ దారంతా తాపీగా నడిస్తే రెండున్నర, మూడు గంటలు. నడవలేని పెద్దవాళ్లుంటే బ్యాటరీ బండ్లున్నాయేమో గేటు దగ్గర కనుక్కోండి. కానీ ఆ బండి కొండెక్కదు, బూరుగు దగ్గర మీకు కావలసినంతసేపు ఆగదు. మా అత్తగారిని తెచ్చినప్పుడు నేను చెరువు, బూరుగు మాత్రం చూపించి, బెంచీ మీద కూర్చోబెట్టి, కొండ మానేసినా. ఆమెకేమీ లోటు తెలియలేదు.

వదిలేయొచ్చు

పూల గడియారం దగ్గర ఒక ఫోటో చాలు. బొన్సాయ్ తోట, జపనీస్ తోట ఆసక్తి ఉన్నవాళ్లకే. పేరు విని పరుగెత్తితే "ఇంతేనా" అంటారు. నర్సరీలో మొక్కలు కొనాలని ఉంటే అది వేరే రోజు పెట్టుకోండి. కుండీ చేతబట్టుకుని కొండెక్కిన మనిషిని నేను కళ్లారా చూసినా.

లేదు, ఫ్లవర్ షోకే పోతాం అంటే

కొందరు వినరు. టీవీలో చూసి ఉంటారు, పక్కింటివాళ్లు పోయొచ్చి ఉంటారు. అప్పుడు ఇట్లా చేయండి.

షోలు ఏడాదికి రెండు: గణతంత్ర దినం చుట్టూ ఒకటి, స్వాతంత్ర్య దినం చుట్టూ ఒకటి. ఒక్కోటి పది రోజుల పైచిలుకు నడుస్తుంది. రెండింట్లో జనవరిదే ఎంచుకోండి. నేల పొడిగా ఉంటుంది, చలి హాయిగా ఉంటుంది. పైగా అది అనపకాయల కాలం, ఊరికి పోయేటప్పుడు సంచి నిండా కొని పంపితే వాళ్లు పితికిపప్పు చేసుకునేటప్పుడు మిమ్మల్ని తలుచుకుంటారు.

జనవరి 26, ఆగస్టు 15, మధ్యలో వచ్చే శని, ఆదివారాలు: ఈ రోజుల్లో ఇంట్లోనే ఉండండి. షో మొదలైన తొలి రోజుల్లో, పనిదినాన, టికెట్ కౌంటర్ తెరిచే వేళకు గేటు దగ్గరుండండి. చట్రానికి గుచ్చినవి కోసిన పూలు. ఎన్ని నీళ్లు చల్లినా, మధ్యలో మార్చినా, తొలి రోజుల కళ తర్వాత ఉండదు. లోపలికి పోగానే ఎక్కడా ఆగకుండా నేరుగా గ్లాస్ హౌస్‌కు పోయి, అది చూసేసి, బయట కుండీల వరసల దగ్గరకు రండి. నిజానికి పూలు తాపీగా చూడగలిగేది ఆ కుండీల దగ్గరే. ఆంథూరియం, ఆర్కిడ్లు, మనిషి తలంత డేలియాలు, పేర్లతో సహా ఉంటాయి. అక్కడ విజిళ్లుండవు.

తిండి తీసుకెళ్లొద్దు. పులిహోర కథ చదివినారు కదా. ప్లాస్టిక్ కవర్లు కూడా గేటు దగ్గరే ఆపేస్తుంటారు, గుడ్డసంచీ పెట్టుకోండి. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో లోపలికి పోకముందే అనుకోండి. నేనైతే గుర్రం మీదున్న చామరాజేంద్ర ఒడెయార్ విగ్రహం చెప్తా, దూరంనుంచే కనబడుతుంది. "గ్లాస్ హౌస్ దగ్గర" అని మాత్రం అనుకోవద్దు, అక్కడే అందరూ తప్పిపోయేది. బయటికొచ్చినాక గేటు ముందు ఆటో అడగొద్దు. రెండు సందులు అవతలికి నడిచి అడగండి, లేదా మెట్రో.

మీరూ మావాళ్లలాగే ఆగస్టు 15న పదకొండింటికి ఆ జనంలో ఇరుక్కుపోయి, ఇది చదువుతున్నారా? అయితే గ్లాస్ హౌస్ వరుసలోంచి బయటికి రండి. టికెట్ డబ్బులు పోతే పోనీ. జనమంతా అక్కడే ఉంటారు కాబట్టి చెరువు దిక్కు ఆరోజు కూడా కొంత ఖాళీగా ఉంటుంది. బూరుగు దగ్గర నీడ ఉంది, అక్కడికి నడవండి.

టిఫిన్

మెయిన్ గేటు వైపు బయటపడితే ఎం.టి.ఆర్. దగ్గరే. 1924 నుంచి ఉన్న హోటల్. రవ్వ ఇడ్లీ పుట్టిల్లు అదేనంటారు, రెండో ప్రపంచయుద్ధం నాడు బియ్యం కరువొచ్చి రవ్వతో చేసినారట. సెలవురోజుల్లో ఇక్కడా వరుసే, అందుకే పనిదినం అన్నది. వెస్ట్ గేటు వైపే బయటపడితే బసవనగుడి, గాంధీబజార్ దాకా నడక, దోసెలకు కొదవలేదు. సాయంత్రం కొండ దిగి వచ్చేవాళ్లు వి.వి.పురం తిండివీధికి పోవచ్చు. అక్కడ నిలబడే తినాలి, పెద్దవాళ్లతో అయితే వద్దు.

మా బావ ఆ డిసెంబర్ పొద్దున రెండు రవ్వ ఇడ్లీలు, ఒక దోసె, రెండు కాఫీలు తాగి ఊరికి పోయినాడు. పోయి అక్కతో ఏం చెప్పినాడో ఏమో, వచ్చే నెల ఆమె, ఆమె ఆడబిడ్డ, ఇంకో ఇద్దరు వస్తున్నామని ఫోన్. ఆదివారమట. మంగళవారం రమ్మని చెప్పినా, చూడాలి.